కొత్తవాళ్లు వారం ఆగాలి

నవంబర్ 6
మళ్లీ అదే. నిన్న చేరినవాడు, పేరు పక్కన ఊరు కురవి అని రాసుకున్నాడు. పొద్దున లేచి చూస్తే మిర్చి రైతుల గ్రూపు నిండా వాడి లింకులే. "ఒక్క డోసుతో తామర పురుగు ఖతం." పూత మీద నల్ల పురుగు దిగిన ఈ రోజుల్లో ఆ మాట చూస్తే ఎవరి చెయ్యి ఆగుతుంది? తీసేశాను. ఇంకో పేరుతో వచ్చాడు. మళ్లీ తీసేశాను. ఈలోపు పొయ్యి మీద అన్నం మాడింది.

నవంబర్ 8
సోమయ్య మామ ఆ మందు తెప్పించుకుని కొట్టాడట. ఆకులు మాడి చుట్టుకుపోయాయి. ఫోన్ చేశాడు. "మన గ్రూపుల వచ్చింది కదా బిడ్డా, మంచిదే అనుకున్న..." అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

నవంబర్ 9
సాంబన్నతో, రాజితతో మాట్లాడాను. గ్రూపు నడిపేది మేం ముగ్గురమే — జనగామ నుంచి ఆయన, భూపాలపల్లి నుంచి ఆమె, మానుకోట నుంచి నేను. సాంబన్నది ఒకటే పాట. "అందరికీ బంద్ పెడుదాం చెల్లె. మనమే రాద్దాం, మిగిలినోళ్లు చదువుకుంటరు." ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? మేం ముగ్గురం రాసేదేముంది? ఒకరి చేను ఫొటో చూసి ఇంకొకరు చెప్పడానికే కదా ఇది పెట్టుకున్నది.
చివరికి రాజిత మాట నెగ్గింది. కొత్తగా చేరినవాళ్లు వారం దాకా లింకులు, ఫొటోలు, వాయిస్‌లు పెట్టకూడదు. ముందు పేరు, ఊరు, పంట టైపు చెయ్యాలి. చెయ్యకపోతే గ్రూపు కాపలాకు పెట్టిన బాట్ ప్రోగ్రాం దానంతటదే బయటికి పంపేస్తుంది.

నవంబర్ 12
ప్రశాంతంగా ఉంది. మరీ ప్రశాంతంగా. కొత్త రైతు ఒక్కరూ నోరు విప్పలేదు.

నవంబర్ 17
వారం అయిపోయింది, లింకులు మొదలయ్యాయి. పేరు, ఊరు, పంట — మందులవాళ్లు ముత్యాల్లాంటి తెలుగులో రాసి, బుద్ధిగా వారం కూర్చున్నారు. వాళ్లకేం, అదే వాళ్ల పని. చేలో పురుగు పడ్డవాడికే ఓపిక ఉండదు. మేం పెట్టిన గేటు దాటింది దొంగలే. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

నవంబర్ 18
కొత్త రూలు. ఈసారి నాది. చేరాలంటే గ్రూపులో పాతవాళ్లెవరైనా "తెలిసిన మనిషే" అని చెప్పాలి. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే "ఎవరింటికొచ్చినవ్?" అని అడగమా? ఇదీ అంతే. వారం ఆగడమూ అలాగే ఉంచాం, కాకపోతే పాతవాళ్లు ఇద్దరు చెబితే వెంటనే మాట్లాడొచ్చు.

నవంబర్ 20
ఖర్మ. మనవాళ్లకు కాదనడం రాదు. ఎవడు అడిగినా "మావోడే, మావోడే". మొహమాటానికి పోయి అందరూ అందరికీ చుట్టాలైపోయారు. సాంబన్న కూడా! "ఊరు దేవరుప్పుల అన్నడు చెల్లె. దేవరుప్పులోడు మనోడు కాకపోతడా?" మధ్యాహ్నానికి ఆ మనోడు మిర్చి విత్తనాలు అమ్మడం మొదలుపెట్టాడు. పంట పూతకొచ్చాక విత్తనాలు!

నవంబర్ 22
ఎవరో ఆడమనిషి ఫోన్. జమున అట, పెద్దవంగర అవతల తండా. మందుల షాపులో నా నెంబరు అడిగి తీసుకుందట.
"అక్కా, నన్నెందుకు తీసేస్తున్నరు? నేనేం తప్పు చేసిన?"
ఇంట్లో లంబాడీ మాట. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. "నోటితోటి ఎంతసేపైనా చెప్తక్కా, రాయస్తలేదు." చేరిన ప్రతిసారీ వాయిస్ పెట్టింది. ప్రతిసారీ బాట్ గెంటేసింది. ఇక పాతవాళ్లు చెప్పాలన్నామా, మా గ్రూపులో తండా మనుషులే లేరు. "మావోడే" అనే నోరు ఒక్కటీ ఆమెకు దొరకలేదు.
తీసేసినవన్నీ వెతికి విన్నాను. మొదటి వాయిస్ పదో తారీఖుది. వెనకాల మేకల అరుపులు. "పువ్వుల నల్లగ పురుగులున్నయ్, పూత రాలుతున్నది. ఏం కొట్టాలె, జర చెప్పుండ్రి." గ్రూపులో ఎవరైనా నిమిషంలో చెప్పేవాళ్లు. ఇప్పుడు నేను చెప్పాను — పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు, ఏ మందు, ఎప్పుడు కొట్టాలో. అంతా విని, "గిప్పుడా అక్కా?" అంది.
సొంత చేనేనా అని అడిగాను. కౌలు చేను. అడగకుండా ఉండాల్సింది.

నవంబర్ 23
వాయిస్‌లకు అడ్డు తీసేద్దాం అన్నాను. సాంబన్న: "ఒక్కలకు తీస్తే అందరికీ తియ్యాలె." రాజిత: "వాయిస్ వదిలితే రేపు వాయిస్‌లనే అమ్ముతరక్కా." ఇద్దరూ చెప్పింది నిజమే. అదే నా బాధ. తప్పు మాటైతే పోట్లాడేదాన్ని.
పేరు, ఊరు, పంట నేనే టైపు చేసి జమునను చేర్చాను. "మా మనిషే" అని నేనే రాశాను, ముఖం కూడా చూడకుండా. ఇంకో మాట కోసం అడిగాను, ఎవరూ రాయలేదు. దేవరుప్పులవాడికి ఎంతమంది ఎగబడ్డారు! సాంబన్నను అడిగితే, "ఎవరో ఏందో, తండా ఆమె నాకెట్ల ఎరుక" అన్నాడు. ఆమె కూడా వారం ఆగాల్సిందే.

నవంబర్ 26
సోమయ్య మామ గ్రూపు వదిలేశాడు.

నవంబర్ 28
ఇవ్వాళ చేరడానికి కొందరు అడిగారు. ఎవరు రైతో ఎవరు కాదో నాకు తెలియదు. ఇన్ని రూళ్లు పెట్టాక మునుపటికంటే తక్కువ తెలుస్తోంది. ఎవరినీ చేర్చలేదు. కాదనీ అనలేదు.

నవంబర్ 29
జమున ఫోన్. గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయం వేసింది.
"అక్కా, రేపటితోటి వారం అయితది కదా? ఇగ నేను గ్రూపుల మాట్లాడొచ్చా?"
మాట్లాడొచ్చు అన్నాను.
"ఏం మాట్లాడాల్నక్కా? చెట్లు పీకి గట్టు మీద ఏసినం. పొద్దుగాల్నే ఆటోల పత్తి ఏర కూలికి పోతున్నం, నేను, మా ఆయన."
ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు. అవతల ఆటో చప్పుడు, ఎవరో ఆమెను లంబాడీలో పిలుస్తున్నారు...
"చెప్పక్కా, ఏం మాట్లాడాలె?"