నా పేరుతో ఎవరో

మంగళవారం, అమలాపురం

ఒళ్లు మండిపోతోంది. మా ఇంటర్నెట్ కంపెనీలో రౌటర్లన్నింటికీ ఒకే లాగిన్ వద్దని, ఎవరి పేరుతో వాళ్లు లోపలికెళ్లేలా సర్వర్ పెట్టించింది నేనే. తీరా, “మనలో మనకు దాపరికాలెందుకండీ” అంటూ మా ఓనరుగారు అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టించారు.

ఈరోజు నేను సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి దాటుతుండగా రాజోలంతా ఇంటర్నెట్ పోయింది. సర్వర్ రికార్డు చూస్తే, రౌటర్ సెట్టింగులు చెరిపేసినవాడి పేరు నాదే! ఆ వేళ ఆఫీసులో ఉన్నది కొత్తగా పనిలో చేరిన ఓనరుగారి బావమరిది ఒక్కడే. నిలదీస్తే నవ్వాడు.

“ఆయ్, నేనేనండి. కొత్త కదా, తప్పు జరిగితే నా పేరు కనబడితే బాగోదని మీ పేరుతో వెళ్లేను. మీరు మనోళ్లే కదండీ!”

ఇందాకే నా పాస్‌వర్డ్ మార్చేశాను. రేపు ఓనరుగారు కొత్త పాస్‌వర్డ్ ఏంటని మర్యాదగా అడుగుతారు. “చెప్పనండి” అనాలి. అద్దం ముందు నిలబడి ప్రయత్నిస్తున్నాను. వెధవ నోరు, “ఆయ్, రాసుకోండి” అనే అంటోంది.