గుండీలు కుట్టే మిషన్

ఫిబ్రవరి 4

ఇవాళ మూడు సంచులు వెనక్కి కొట్టాను. అన్నీ చిన్నపిల్లల కోట్లు. గుండీ పట్టుకుని లాగినప్పుడు ఒక్కటి కదిలినా ఎర్ర స్టిక్కర్ అంటించి సంచి మొత్తం వాపసు పంపాలి. అదీ చెకర్ పని. నాది డేగకన్నని సూపర్‌వైజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి అక్కతో గొప్పలు పోయాను, ఆ గుండీలు కుట్టేవాళ్లవి చేతులో కాళ్లో అన్నాను. అక్క నవ్వలేదు. వేళ్లు వేణ్నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. టైలర్ షాపులో పని ఎక్కువైందట.

ఫిబ్రవరి 11

కోట్లు కొనే ఫారిన్ కంపెనీవాళ్లు చూడడానికి వచ్చారు. మూల పడున్న గుండీల మిషన్‌కి దుమ్ము తుడిచి నన్ను పక్కన నిలబెట్టారు. గుండీలు ఎవరు కుడతారని దొరసాని అడిగితే మిషన్ అన్నాను, చెప్పమన్నట్టే. థాంక్యూ అంది. బయట షెడ్డులో ఆడవాళ్లు చేత్తో కుడతారని మా అందరికీ తెలుసు. మిషన్ కంటే వాళ్ల చేతులే చవక. అసలు ఆ మిషన్‌కి సూదే లేదు.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

ఒక కోటు గుండీ లాగబోయి ఆగిపోయాను. గుండీ కింద దారం మెడలా చుట్టి, ముడి కనబడకుండా లోపలికి తోసేసి ఉంది. అక్క కుట్టిన నా స్వెట్టర్ గుండీలకీ అదే ముడి. అమ్మ ఇద్దరికీ నేర్పింది, నాకు అబ్బలేదు.

అదే రోజు, సాయంత్రం

అక్కని అడిగేశాను. టైలర్ షాపూ లేదు, పాడూ లేదు. షెడ్డే. ఫ్యాక్టరీలో చుట్టాలుంటే షెడ్డుకి మనుషుల్ని పెట్టే ఏజెంటు పనివ్వడట, అందుకని దాచిందట. వాపసొచ్చిన సంచికి కూలి ఉండదట, అన్నీ విప్పి మళ్లీ కుట్టాలట. స్టిక్కర్లు వేసేది నువ్వేనని మొదట్నుంచీ తెలుసే అంది. మరి చెప్పవేం అంటే, చెప్తే నీ చెయ్యి ఆడదు, నీ ఉద్యోగం పోతుంది అంది. బాగా ఏడ్చాను. లేచి అన్నం తిను అంది.

మార్చి 2

అక్క ముడి కనబడితే లాగకుండానే పంపేస్తున్నాను. పాపమో పుణ్యమో నాకు తెలీదు. ట్యాగులు కట్టే అమ్మాయి కోటు ధర మన డబ్బుల్లోకి మార్చి చెప్పింది. అక్క చలికాలమంతా కుట్టిన కూలి పెట్టినా ఆ కోటుకి ఒక చెయ్యి కూడా రాదు.

ఏప్రిల్ 16

అక్కడెక్కడో ఫారిన్‌లో ఒక పసివాడి నోట్లోకి గుండీ ఊడొచ్చింది. పిల్లాడు క్షేమమేనట. ఆర్డర్ మాత్రం క్యాన్సిల్. ఏ టేబుల్ నుంచి పోయిందో తేలలేదు. మా ఇద్దరికీ తేలింది. వేళ్లు వాచినప్పుడు కొన్ని వదులుగా వచ్చాయే, ఎలాగూ నువ్వు లాగి చూస్తావు కదా అని పంపేశా అంది అక్క. లాగలేదక్కా అన్నాను.

ఏప్రిల్ 20

షెడ్డు మూసేశారు. రావాల్సిన కూలి అడగడానికి ఆడవాళ్లంతా గేటు దగ్గరికొచ్చారు. మేనేజర్ తాపీగా, మాకు షెడ్డే లేదు, ఇక్కడ గుండీలు మిషన్ కుడుతుంది, కావాలంటే మా చెకర్‌నే అడగండి అని నన్ను పిలిచాడు. అందరికంటే ముందు అక్క నిలబడి ఉంది. నోరు తెరిచాను. అక్క తల అడ్డంగా ఊపింది, నా ఒక్కదానికే తెలిసేలా. చిన్నప్పుడు నన్ను రోడ్డు మీదికి పోకుండా ఆపడానికి అలాగే ఊపేది.

మిషన్ అన్నాను.

నీ నోట్లో మన్ను పడ అని వాళ్లు శాపనార్థాలు పెట్టారు. చుట్టాలమని ఎవరికీ అనుమానం రాకూడదని అక్క కూడా పెట్టింది. అందరికంటే గట్టిగా పెట్టింది.

ఏప్రిల్ 21

నన్ను సీనియర్ చెకర్‌ని చేశారు.

ఏప్రిల్ 27

స్వెట్టర్ గుండీ ఊడితే పొద్దున అక్క కుట్టిపెట్టింది. భలే కుట్టారే, ఎవరు కుట్టారు అని ట్యాగుల అమ్మాయి అడిగింది.

మిషన్ అన్నాను.