జారుడుబల్ల దగ్గర మెరుపు

జనవరి 19, ఆదివారం

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు వ్రాయునది. అందరం క్షేమం. ముందు ఆ మాట రాసేస్తే నువ్వు కుదురుగా చదువుతావు. బావగారికి నా నమస్కారాలు. ఫోనులో అయితే సగమే చెబుతాను, అందుకే ఉత్తరం.

నిన్న సాయంత్రం నేనూ అత్తయ్యా బుజ్జిదాన్ని పార్కుకి తీసుకెళ్ళాం. చలి, ఎండు గాలి. అక్కడ కొత్తగా ప్లాస్టిక్ జారుడుబల్ల పెట్టారు, గొట్టంలా మెలికలు తిరిగి ఉంటుంది. ఉన్ని స్వెట్టరుతో అది ఎక్కడం, జారడం, మళ్ళీ ఎక్కడం. ఒకసారి కిందికి వచ్చేసరికి జుట్టంతా నిక్కబొడుచుకుని అచ్చం ముళ్ళపందిలా ఉంది. నేను పగలబడి నవ్వాను. అత్తయ్య కూడా నవ్వుతూ జుట్టు సర్దబోయింది. చెవి దగ్గర టప్పుమని చిన్న నీలి మెరుపు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

బుజ్జిది చెవి తడుముకుని నా వైపు చూసింది. "అమ్మా, నీ మాట ఆగిపోయింది" అంది.

పిలిచాను. వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. పుట్టుకతోనే వినపడని పిల్లకి ఆపరేషను చేయించి, చెవి లోపలొకటీ వెనకొకటీ ఆ వినికిడి మిషను పెట్టించడానికి మనం పడ్డ పాట్లు నీకు తెలియనివా? ఒళ్ళు తెలియక, దాన్నేం చేశారని అత్తయ్యని అందరి ముందూ నిలదీశాను. ఆవిడ బిత్తరపోయి తన వేళ్ళ వంకే చూసుకుంటూ నిలబడింది.

ఆస్పత్రిలో చెవి మిషన్లు చూసే ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ప్లాస్టిక్‌కి స్వెట్టరు రాసుకుని పిల్ల ఒంటినిండా ఒకే రకం విద్యుత్తు చేరిందట. ఒకే రకమైతే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయట, వెంట్రుకలు లేచింది అందుకే. ఇంకో మనిషి చెయ్యి దగ్గరకి రాగానే అదంతా ఒక్క ఉదుటున దూకేసిందట. మనకది చీమ కుట్టినంత, చెవి వెనక మిషనుకి మాత్రం పిడుగేనంది. లోపల పెట్టింది కూడా పోయిందా అని అడిగాను. ఆవిడ కంప్యూటరుకి తగిలించి చూసింది. బయటి మిషనులో సెట్టింగులు చెరిగిపోయాయంతే, లోపలిది భద్రంగా ఉందట. సెట్టింగులు మళ్ళీ ఎక్కించింది.

బుజ్జిది ఉలిక్కిపడి గోడ వైపు తిరిగింది. "గడియారం కొట్టుకుంటోంది" అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇకమీదట జారుడుబల్ల ఎక్కేముందు బయటి మిషను తీసెయ్యాలట. ఇంటికొచ్చాక అత్తయ్యని క్షమించమని అడిగాను. వదిలెయ్యమ్మాయ్, తల్లివి కదా అంది.

ఇట్లు,
నీ చెల్లి

తా.క. ఉత్తరం మడిచాక బుజ్జిది ఒకటి చెప్పింది. నిన్న ఆస్పత్రికి వెళ్తున్నప్పుడు కారు వెనక సీట్లో నానమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపిందట. భయపడకు, మూతి చూడు, నేనూ అలాగే చూస్తా అని పెదాలతోనే చెప్పిందట. "నానమ్మకీ వినపడదమ్మా, పాపం మిషను కూడా లేదు" అంది. నేను నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి ఆవిడ వెనక నిలబడి పిలిచాను. మళ్ళీ గట్టిగా పిలిచాను. ఆవిడ గిన్నె తుడుచుకుంటూనే ఉంది.