సున్నాల ఫారం

డాక్టరమ్మ శిల్ప గారికి ప్రభువు పేరిట వందనాలు, ఆపైన ఒక ఒప్పుకోలు.

మీ దగ్గర నర్సు పని చేసే మా ఆవిడ స్వర్ణలత ఎంత అలసిందో కొలవడానికి మీరిచ్చిన ఫారం నింపింది నేనే. "నిద్ర లేచేసరికే అలుపుగా ఉంటుందా?" అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆమె పెన్ను పట్టుకొని నిద్రపోయింది. ఊళ్లో అందరి ఫారాలూ నింపేవాణ్ణి కదా, ఇదీ అందుకున్నాను. ఒంటి అలుపు, రోగుల మీద విసుగు, పని మీద నిరాశ అని మూడు రకాల ప్రశ్నలున్నాయి; అసలు లేకపోతే సున్నా, రోజూ ఉంటే ఆరు వేయాలి. అరణ్యంలో దేవుడి మీద సణిగి శిక్ష పొందిన ఇశ్రాయేలీయుల గతి తెలిసినవాణ్ణి గనుక అన్నింటికీ సున్నాలే వేసి, పక్కన పదకొండు బైబిలు వాక్యాలు రాశాను.

ఇంత ఓపిక ఎవరికీ లేదని మీరు పుల్లలచెరువు అవతల ఇంకో రెండు పల్లెలు ఆమెకు అప్పగించారు.

"అలుపే లేని ఆ స్వర్ణలత యాడుందో ఎతికి ఆమెనే పంపు పో. నేను పండుకుంటా," అని నాతో అంటోంది.

వారంగా టీకాల పెట్టె మోస్తూ ఆమె వెంట తిరుగుతున్నాను. ఆదివారం చర్చిలో నేను చేసే ప్రసంగం మధ్యలోనే నిలబడి నిద్రపోయాను. "ఇయ్యాల వాక్యం బలంగుంది బ్రదర్," అని సంఘపెద్ద యోబు మెచ్చుకున్నాడు.

ఏలీయా ప్రవక్త అలసి చెట్టు కింద పడిపోతే దేవుడు పల్లెలు పెంచలేదు. రొట్టె పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. దయచేసి ఆ రెండు పల్లెలూ వేరేవారికి ఇవ్వండి.

కొత్త ఫారం జతచేశాను. మొదటి ప్రశ్నకు స్వర్ణలతే ఆరు వేసింది. రెండో ప్రశ్న దగ్గర పెన్ను గీత జారి కాగితం దాటిపోయింది. మిగతావి ఈసారి నేను ముట్టలేదు.

ఇట్లు,
టీకాల పెట్టె మోసే
స్వర్ణలత భర్త