ఏడో గడిలో ‘లేవు’

కార్యనిర్వాహక ఇంజనీరు వారికి,
పెద్ద వాన కాలువ పథకం కార్యాలయం, పుదుచ్చేరి.

అయ్యా,

విషయం: నెల్లితోపు మూడో అడ్డ వీధి ముఖాన, కాలువ మీద స్లాబు ఒకటి వేయించుట గురించి (నాలుగవ అర్జీ).

తమరు యానాం నుంచి బదిలీపై వచ్చినారనీ, తెలుగు చదువుదురనీ తమ ప్యూను చంద్రన్ చెప్పినాడు. తమిళంలో పెట్టుకున్న మూడు అర్జీలూ ఫలించనందున, మా అమ్మ నేర్పిన అక్షరాలతో ఇది విన్నవించుకొనుచున్నాను.

1. నాలుగు కిలోమీటర్ల కాలువ మంచిదే. వానల్లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వంట చేసుకున్నవాళ్ళం, కాదనము. అయితే సదరు కాలువ మా వీధి ముఖానే ఆరడుగుల వెడల్పున పోవుచున్నది. దాటుటకు రెండు చెక్కలు మాత్రమే కలవు. ఆటో లోపలికి రాదు.

2. నా భార్య పంకజానికి కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడు మార్లు డయాలసిస్‌కు కదిర్కామం ఆస్పత్రికి పోవలెను. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పక్కింటి మునియన్ ఒక వైపు, నేనొక వైపు పట్టుకొని చెక్కల మీద దాటించుచున్నాము. నాకు అరవై ఎనిమిది. మునియన్ నాకన్నా పెద్ద. పోయిన మంగళవారం కుర్చీ ఒరిగి ఆమె మోచెయ్యి విరిగినది.

3. కాలువ తవ్వకముందు ఇంజనీరు జయప్రకాశ్ గారు అవసరాల ఫారం పట్టుకొని ఇంటింటికీ వచ్చినారు. వాకిట్లో కుర్చీ వేశాము. “మీకేం కావాలో చెప్పండమ్మా” అన్నారు. “మాకేమొద్దు సారూ. ఎండలో యాడాడో తిరిగొచ్చినారు, కాపీ తాగండి” అన్నది పంకజం. అయ్యా, గడప తొక్కిన మనిషి అడిగీ అడగ్గానే చెయ్యి చాపడం మా ఇళ్ళలో లేదు. మూడో మారు అడిగితే చెబుతాము. ఆయన ఒక్క మారే అడిగి, కాఫీ తాగి, ఏడో గడిలో ‘అవసరాలు: లేవు’ అని రాసుకొని పోయినారు. వీధిలోని ముప్పై ఒక్క ఇళ్ళలోనూ ఇదే మర్యాద జరిగినది.

4. మూడవ అర్జీకి వచ్చిన జవాబు: లబ్ధిదారులకు అవసరాలు లేవని రికార్డులో ఉన్నది, డిజైను మార్చుటకు వీలు లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. కాలువ గట్టున మాత్రం ఎవరూ అడగని రాతి బల్లలు పన్నెండు వేసినారు. “ఆడ ఎవురు కూచుంటారు మామా, ఈ కంపులో?” అంటుంది ఎదురింటి తిలగం.

5. కావున ఎనిమిదడుగుల వెడల్పున స్లాబు ఒకటి. అంతే. వేయిస్తారని నమ్మకం లేదు. ఊరకుండలేక రాయుచున్నాను.

పై సంగతులు, వీలైతే ఆ చెక్కల మీద ఒకసారి నిలబడి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మ. గుణశేఖరన్

తా.క.: తమరే వచ్చి ఏం కావాలని అడిగినా, నేను కూడా ‘ఏమొద్దు సార్’ అనే అంటానేమో. నోటికి అట్లా అలవాటైపోయింది. కాఫీ ఇస్తాం, తాగండి. తాగి, దయచేసి ఇంకోమారు అడగండి. పంకజాన్ని మాత్రం అడగొద్దు. చెయ్యి విరిగిన రోజు డాక్టరు నొప్పి ఎట్లుందమ్మా అంటే, “ఏం లేదు సారూ, మీరు తిన్నారా?” అన్నది.