వాచ్‌మన్ గది తాళంచెవి

శ్రీయుత మున్సిపల్ కమిషనర్ గారి సముఖమునకు,
ఎర్రవాగు పురపాలక సంఘం, కరీంనగర్ జిల్లా.

అర్జీదారు: గుండేటి సిద్దిరాములు, భవనాల నిర్వహణ సూపర్‌వైజర్ (ఔట్‌సోర్సింగ్), ఇంజనీరింగ్ విభాగం.

అయ్యా,

విషయం: పాత పంపుహౌస్ ఆవరణలోని వాచ్‌మన్ గదిని నా భార్య నర్మద కొరకు తాత్కాలికంగా ఇప్పించుట గురించి.

సూచిక: సదరు గది నివాసయోగ్యం కాదని గత వానకాలంలో నేనే సమర్పించిన తనిఖీ నివేదిక.

పై విషయంలో తమరి ఎదుట నిలబడి చెప్పలేక కాగితం మీద పెట్టుకొనుచున్నవి:

1. నేను ఈ సంఘం భవనాల మంచిచెడ్డలు చూసుకొనువాడను. బడులు, వార్డు ఆఫీసులు, కూరగాయల మార్కెట్, కమ్యూనిటీ హాలు, పంపుహౌస్‌లు, వీటిలో ఎక్కడ స్లాబు కురిసినా, తలుపు బందులు ఊడినా, మరుగుదొడ్డి నిండినా ముందు నా ఫోనే మోగును. వీటన్నిటి తాళంచెవులు నా నడుముకు వేలాడు గుత్తిలో ఉండును. రేకు బిళ్లల మీద రాసుకొన్న పేర్లు చెమటకు చెరిగిపోవుచుండగా, ఇంట్లో కుట్టుపని చేయు నా భార్య నర్మద ఒక్కొక్క తాళంచెవికి ఒక్కొక్క రంగు జాకెట్టు గుడ్డ పీలిక కట్టి ఇచ్చినది. బడులకు ఎరుపు, మార్కెట్‌కు ఆకుపచ్చ, కమ్యూనిటీ హాలులో పెండ్లిళ్లు జరుగును గనుక దానికి జరీ అంచు ముక్క. ఇది కార్యాలయ పద్ధతి కాకున్నను, నాటి నుండి నేను ఏ తలుపు దగ్గరా తాళంచెవి వెతుక్కోలేదు.

2. సదరు నర్మదకు కడుపులో కాన్సర్ ఉన్నది. మందులకు లొంగు దశ దాటినదని చెప్పి ఆసుపత్రి వారు రేపు ఉదయం ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎన్ని రోజులని నేను అడగలేదు, డాక్టరు గారు చెప్పలేదు. బయటికి వచ్చి గోడను చూస్తూ నిలబడితిని. గోడకు కింది నుండి చెమ్మ ఎక్కి సున్నం ఉబ్బి ఉన్నది. దీన్ని ఎవరూ చూసుకోరా అని కోపం వచ్చినది. ఆ కోపంతోనే లోపలికి పోయి, రేపు ఇంటికి పోతున్నామని ఆమెకు చెప్పితిని.

"ఇంటికంటే ఏ ఇంటికయ్యా?" అని ఆమె అడిగినది. ఆ ప్రశ్నకు తమరి నుండి జవాబు కోరియే ఈ అర్జీ.

3. మేము పద్మనగర్‌లో శ్రీ జనార్దన్‌రావు గారి ఇంట్లో కింది భాగంలో కిరాయికి ఉన్నాము. సాయంత్రం ఆయన నన్ను గేటు దగ్గరే ఆపి చేతులు పట్టుకొన్నారు.

"సిద్దిరాములూ, నా మీద కోపం తెచ్చుకోకు. మేము ఈ కొత్తిల్లువట్టి ఏడాది కాలే. ఏ నక్షత్రంల పోతదో ఎవలకెరుక? పంతులు ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టుమంటే మా అవ్వను తోలుకొని నేనేడికి పోవాలె? సామాను ఈడనే ఉండనియ్యి. నువ్వు ఎప్పుడన్న రా. ఆమెను మాత్రం తేకు."

వారి భార్య సరళాదేవి గారు వెనుక నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకొనుచున్నారు. నిన్న కూడా ఆమె నర్మద కొరకు ఆసుపత్రికి జావ పంపినారు. జావ పంపిన మనసూ గేటు మూసిన మనసూ వేరు వేరు కావు, భయం అట్లాంటిది. మన పట్టణంలో కిరాయి ఇండ్లన్నిటా ఇదే రివాజు గనుక, వారిపై నాకు ఎట్టి ఫిర్యాదు లేదని నమోదు చేయగోరుచున్నాను.

ఫిర్యాదు లేదు గాని కడుపు మండుతున్నది సారూ. ఆ ఇంటి ఆడవాళ్ల జాకెట్లన్నీ కుట్టిన మనిషి ఆమె.

4. సొంత ఊరు లేదా అని తమరు అడుగవచ్చును. మా ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగినది. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఇంటి గోడల మొదళ్లు తేలుతాయని చూసివచ్చినవారు చెప్పుదురు. నర్మద తల్లిగారి ఊరు జైనూర్ అవతల గుట్టల్లో ఉన్నది. ఆమె అన్న అంతయ్య ఫోనులో ఏడ్చి, "మా చెల్లెను మా తాన్కే తోలుకరా బావా, ఉట్నూర్ దాక జీపు వంపుత" అన్నాడు. ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకొని ఆ గుట్టల దారిలో అంత దూరం పోతే మధ్యలోనే ప్రమాదమని డాక్టరు గారు వద్దన్నారు. కావున ఈ పట్టణం తప్ప మాకు వేరే దిక్కు లేదు. పిల్లలు లేరు.

5. గుత్తిలోని తాళంచెవులన్నీ ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య తిప్పి చూసుకొంటిని. కమ్యూనిటీ హాలు అడుగరాదు, ఎవరి పెండ్లో ఆగిపోవును. బడి గదులు అడుగరాదు, పిల్లలు జడుసుకొందురు. వార్డు ఆఫీసుకు జనం వచ్చుచుందురు. చివరకు పీలిక లేని తాళంచెవి ఒక్కటి మిగిలినది. అది పాత పంపుహౌస్ వాచ్‌మన్ గదిది. కొత్త ట్యాంకు కట్టినప్పటి నుండి అక్కడ ఎవరూ లేరు, నేను తనిఖీకి తప్ప తెరువను, కనుక దానికి రంగు అవసరం పడలేదు.

సదరు గది పైకప్పు పెచ్చులు ఊడుచున్నవనియు, తూర్పు మూల కురియుచున్నదనియు, నివాసయోగ్యం కాదనియు నేను నివేదికలో రాసినది వాస్తవము. ఆ నివేదికకు ఇప్పుడు నేనే వివరణ ఇచ్చుకొనుచున్నాను. కురియునది ఒక్క మూలనే. మంచం ఎదురు గోడకు వేయవచ్చును. నర్మద ఇప్పుడు బాగా చిన్నదైపోయినది, నవారు మంచంలో సగం కూడా నిండదు. ఊడే పెచ్చులు నాగయ్య మేస్త్రి ముందే కొట్టివేస్తానన్నాడు. కిటికీకి రెక్క లేదు, చీర కట్టుకొందుము. ఇక నివాసయోగ్యం కాదన్న మాటకు వస్తే, ఈ అర్జీలో కోరునది నివాసము కాదు.

6. ఈ విషయం సెక్షన్ క్లర్కు రాంచందర్‌కు చెప్పగా అతడు తల పట్టుకొన్నాడు. "సిద్దిరాములన్నా, పనికిరాదని రాసింది నువ్వే, గిప్పుడు ఇయ్యుమనేది నువ్వే. గీ ఫైలు నేనెట్ల మీదికి వంపాలె చెప్పు? సారు మీటింగుల కోసం హైదరాబాద్ వోయిండు. ఎల్లుండి వస్తడు." తరువాత గొంతు తగ్గించి, "తాళం నీ తాననే ఉన్నది గదనే. ఎవలు జూస్తరు? తీసి ఆమెను పండవెట్టు పో" అన్నాడు.

అతడు మంచిమాటే చెప్పినాడు. నాకు చేతకాలేదు. తాళంచెవి నా నడుముకు వేలాడుచున్నంత మాత్రాన తలుపు నాది కాదు. రేపెవరో వచ్చి ఎవరిని అడిగి తీసినవు, ఖాళీ చెయ్యి అంటే, ఆ స్థితిలో ఆమెను ఎత్తుకొని మళ్లీ ఎక్కడికి పోవలెను? ఒకసారి గేటు దగ్గర ఆగిపోయినాము, చాలు. పైగా నర్మద ఎన్నడూ ఎవరింటికీ పిలువనిదే పోలేదు. ఆమెను దొంగచాటుగా ఒక గదిలో పండబెట్టుటకు నాకు మనసొప్పదు. పిలిచి, సంతకం పెట్టి, రమ్మన్నట్లుగా పోవలెనని నా కోరిక.

ఆసుపత్రికి పోయి ఈ మాట ఆమెతో అంటే నవ్వినది. "నీ సారు సంతకం వెట్టినంకనే పోత తియ్. నీకు ఫికరెందుకు?" అన్నది. ఆ తరువాత తన చీర కొంగు అంచు పళ్లతో చింపి, ఆ తాళంచెవికి పసుపుపచ్చ పీలిక కట్టినది. మొదటిసారికి ముడి పడలేదు. నేను పట్టుకొందునన్నా ఇవ్వలేదు. ముడి పడేదాకా కట్టినది.

కావున దయగల తమరు, సదరు గదిని నర్మద ఉన్నన్ని రోజులకు, ఆమె తరువాతి పది రోజుల కర్మకు, ఒక బల్బు, ఒక కుళాయితో సహా ఇప్పించవలెను. గది తిరిగి అప్పగించునాడు సున్నం వేయించి ఇచ్చుకొందును. ఫైలు మీద కాకున్నా ఈ కాగితం మీదనే ఒక్క సంతకం పడునట్లు చిత్తగించవలెను.

తమరి తలుపులు కాచుకొను విధేయుడు,
గుండేటి సిద్దిరాములు

మళ్లీ మనవి:

పై అర్జీ ఆఫీసులో ఇచ్చి రెండు వారాలు దాటిన తరువాత, దాని నకలు మీద ఇది రాస్తున్నాను. పద్ధతి తప్పితే మన్నించండి.

సారూ, తమరు వచ్చేదాకా నర్మదను ఉంచుకొమ్మని ఆసుపత్రి వాళ్ల కాళ్లావేళ్లా పడితే ఒక్క రోజు ఆగారు. మరునాడు పొద్దున అంబులెన్సు ఎక్కించారు. డ్రైవరు, "అన్నా, ఏడ దింపాలె?" అన్నాడు. పంపుహౌస్ కాడికి పోనియ్యమన్నాను. గది ముందర ఆపాడు. నేను దిగి రాంచందర్‌కు ఫోను చేశాను. "సారు ఇప్పుడే వచ్చిండే అన్నా. నీ కాగితం టేబుల్ మీద వెట్టిన. జర ఆగు" అన్నాడు. ఆగాను.

బండి వెనుక తలుపు తీసే ఉంది. నర్మద లోపలి నుంచి పిలిచింది.

"తలుపు తియ్యయ్యా. లోపల ఎట్లున్నదో జూస్త."

"జరంత ఆగు. సారు సంతకం వెడుతుండు" అన్నాను.

"నువ్వు మారవు పో" అని నవ్వింది. "పీలిక ఊడలేగా?" అని అడిగింది. ఊడలేదని గుత్తి పైకెత్తి చూపించాను. చూసింది. చూస్తూనే ఉందనుకొని నేను ఎత్తిన చెయ్యి దించలేదు. డ్రైవరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, వదినె పోయింది" అన్నాడు.

అప్పుడు రాంచందర్ నుంచి ఫోను వచ్చింది. ఎత్తలేదు. తరువాత అతడు ఎదురుపడ్డా ఆ మాట నేను ఎత్తనివ్వలేదు. సంతకం అయిందో కాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తమరు కూడా చెప్పవద్దు. అయిందంటే బతకలేను, కాలేదన్నా బతకలేను.

ఆ తరువాత తలుపు నేనే తీశాను. అనుమతి ఉన్నదీ లేనిదీ తెలియకుండా మున్సిపాలిటీ తలుపు తీయడం నా జన్మలో అదొక్కసారే. అంతయ్య జైనూర్ నుంచి వచ్చేదాకా ఆమె ఆ గదిలోనే ఉంది. సరళాదేవి గారు పసుపూ కుంకుమా తెచ్చి, "మా ఇంట్ల పండనియ్యకపోతిమి బిడ్డా" అని గడప మీద కూలబడి ఏడ్చారు. మధ్యాహ్నం వాన పడింది. నేను రాసిన మూలనే కురిసింది. నర్మద మీద ఒక్క చుక్క పడలేదు.

పది రోజుల కర్మ కూడా అక్కడే అయింది. సున్నం వేయించాను. ఇక అర్జీ సంగతి. దాన్ని నేను వాపసు తీసుకోవడం లేదు. అందులో నర్మద పేరు ఉన్నచోటల్లా కొట్టివేసి, ఖాళీ వదలండి. ఈ ఊళ్లో కిరాయికి ఉండేవాళ్లు ఎంతమందో తమరికి తెలుసు. ఎవరికి అవసరం పడితే వాళ్లు తమ మనిషిని తెచ్చి ఆ గదిలో పండబెట్టుకోవాలి. మంచం తూర్పు మూలకు వేయవద్దని గోడ మీద రాయించాను.

తలుపుకున్న తాళం నేను తీసేశాను. మళ్లీ వేయించకండి సారూ, మీకు దండం పెడతాను. ఇంకొకడు చేతిలో తాళంచెవి పెట్టుకొని ఆ గడప ముందర నిలబడకూడదు.

మిగతా తాళంచెవులు ఎప్పుడు అడిగినా లెక్క ప్రకారం అప్పగిస్తాను. పసుపు పీలిక ఉన్నది నా దగ్గరే ఉంది. అది సంఘం ఆస్తి అని నాకు తెలుసు. అదొక్కటి ఇయ్యను సారూ.

సిద్దిరాములు