రెండెకరాల సరుగుడు

ఏమండీ,

మీరు పోయిన సంగతి తెలియక, తగరపువలస రైతు అప్పలనాయుడు నిన్న మొక్కల సలహాకని మనింటికి వచ్చాడు. సంగతి చెప్పి కూర్చోబెట్టాను.

"రెండెకరాలూ సరుగుడు ఏసీద్దామనుకుంతన్నానమ్మా. బాబుగోరి బదులు మీరే సెప్పాల," అన్నాడు.

మీరు నేల సంగతికన్నా ముందు ఇంట్లో తినేవాళ్లెందరని అడిగేవారు. నేనూ అదే అడిగాను.

"ఆరుగురమమ్మా. మా బావ తిండి సూత్తే ఏడని రాసుకోండి."

సరుగుడు నరికేదాకా నాలుగేళ్లు ఏం తింటారని, ఒక ఎకరంలోనే వేసి రెండోదాంట్లో చోళ్లు వేసుకోమన్నాను.

ఏ ఎకరం పల్లమో మాత్రం అడగలేదు. నీళ్లు నిలిస్తే సరుగుడు వేరు కుళ్లుతుందనేవారు మీరు. పొద్దుటినుంచి వాన పడుతోంది, ఈపాటికి నాటడం మొదలుపెట్టే ఉంటాడు. అతనింట్లో ఫోను లేదు.

మీరు పొలం చూడకుండా మాట చెప్పేవారు కాదు. తగరపువలస బస్సుకి బయల్దేరుతున్నాను.